పుస్తకంలో బొమ్మ లేని పుటిక

డిగ్రీ పిల్లలకు కణజాల శాస్త్రం ప్రాక్టికల్స్ చెప్పే మొదటి రోజుల్లో నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. మాంసం కొట్టు నుంచి తెప్పించిన మేక అండాశయం చింతగింజ కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. దాన్ని బోయిన్స్ ద్రావణంలో నానబెట్టి, మైనంలో పోతపోసి, మైక్రోటోమ్ మీద పలచటి పొరలుగా కోసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు ఎక్కించి స్లైడ్లు తయారు చేసుకునేవాళ్లం. ఒకరోజు ఒక అమ్మాయి మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తి, "మేడమ్, నా స్లైడు పాడైనట్టుంది, లోపలంతా గింజలు రాలిపోయి ఉన్నాయి" అంది. వెళ్లి చూశాను. పుటిక అంటే అండాన్ని పొదువుకుని ఉండే చిన్న సంచి, ఇంగ్లీషులో ఫాలికిల్. దాని గోడకు మొక్కజొన్న పొత్తు మీది గింజల్లా బారులు తీరి ఉండవలసిన గ్రాన్యులోసా కణాలు వరుస తప్పి, మధ్యనున్న ద్రవంలోకి ఊడిపడి ఉన్నాయి. వాటి కేంద్రకాలు ఆవగింజల్లా నల్లగా ముడుచుకుపోయాయి, కొన్ని రెండు మూడు ముక్కలయ్యాయి. "అది వదిలెయ్యమ్మా, స్లైడు కాస్త జరిపి మంచి పుటిక చూసి గీయి" అన్నాను.

ఆ స్లైడుకు ఏమీ కాలేదు. అండాశయంలో ఏ రోజు చూసినా ఎక్కువగా జరుగుతూ ఉండేది ఆ అమ్మాయి చూసినదే. నేను గీయమన్న మంచి పుటిక, పుస్తకంలో గుండ్రంగా, నిండుగా అచ్చువేసే, అండం విడుదలకు సిద్ధమైన ఆ గ్రాఫియన్ పుటిక, అక్కడ అరుదుగా జరిగే సంగతి. ఏళ్ల తరబడి పిల్లల చేత ఆ అరుదైన దాన్నే రికార్డుల్లో గీయించి, రోజూ జరిగేదాన్ని అద్దం కింద నుంచి పక్కకు జరిపించాను. ఈ తప్పు నా ఒక్కదానిది కాదనీ, అండాశయాన్ని గుడ్లు తయారుచేసే కార్ఖానాగానో, గుడ్లు దాచిపెట్టిన డబ్బాగానో చూపించే ఆ బొమ్మ మన ఇళ్లలోనూ ఆసుపత్రి వరండాల్లోనూ ఆడవాళ్లకు అనవసరమైన భయాన్ని, అనవసరమైన ఖర్చును తెచ్చిపెడుతున్నదనీ నా వాదన.

ముందు లెక్క చూద్దాం. తల్లి కడుపులో ఐదో నెల వచ్చేసరికి ఆడశిశువు అండాశయాల్లో దాదాపు 70 లక్షల బీజకణాలు, అంటే అండాలుగా మారవలసిన కణాలు, ఉంటాయి. 1963లో టి.జి. బేకర్ అనే పరిశోధకుడు అండాశయాల కోతలను మైక్రోస్కోపు కింద పెట్టి ఓపికగా లెక్కవేసి చెప్పిన అంకె 68 లక్షలు. ఆ బిడ్డ భూమ్మీద పడేనాటికి మిగిలేవి 10 నుంచి 20 లక్షలు. అంటే, ఇంకా పుట్టని ఆ నాలుగైదు నెలల్లోనే రోజుకు సగటున 30 వేలకు పైగా బీజకణాలు పోతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు ఉంటాయి. అక్కడి నుంచి ముట్లుడిగేదాకా విడుదలయ్యే అండాలు మొత్తం 400 నుంచి 500, చివరికి మిగిలేవి వెయ్యి లోపు. నెలకు ఒక అండం విడుదలవుతుందని పాఠం చెబుతాం, అది నిజమే. అదే నెలలో సుమారు వెయ్యి పుటికలు అండాన్ని విడుదల చేయకుండానే రాలిపోతాయని మాత్రం చెప్పం.

ఈ రాలడాన్ని తొలినాళ్లలోనే చూసి వర్ణించినవాడు సామాన్యుడు కాదు. కణవిభజనకు 1882లో మైటోసిస్ అని పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్, మూడేళ్ల తరువాత కుందేలు అండాశయంలో క్షీణిస్తున్న పుటికలను పరిశీలిస్తూ గ్రాన్యులోసా కణాల కేంద్రకాలు చిట్లిపోవడాన్ని గమనించి, దానికి క్రొమటోలిసిస్ అని పేరు పెట్టాడు. మా విద్యార్థిని చూసిన ఆవగింజలు అవే. ఒకే మనిషి చెప్పిన రెండు సంగతుల్లో కణం రెండుగా చీలడం హైస్కూలు పుస్తకంలోకి ఎక్కింది, కణం పద్ధతిగా చావడం మాత్రం ఎనభై ఏళ్లకు పైగా మూలన పడింది. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కరీ అనే ముగ్గురు ఇటువంటి చావు శరీరమంతటా జరుగుతుందని చూపించి, దానికి అపోప్టోసిస్ అన్న మాటను వాడారు. ఆ మాటను వారికి అందించినది అబర్డీన్‌లో గ్రీకు భాషాచార్యుడు జేమ్స్ కార్మాక్. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడమని దాని అర్థం. మనవాళ్లెవరైనా ఆ పేరు పెట్టి ఉంటే పిందె రాలడం అనేవారేమో. మామిడితోట ఉన్నవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. గాలివానకు కాయ తెగిపడితే అది ప్రమాదం. ఎండా గాలీ సరిగ్గానే ఉన్నా చెట్టే ముచ్చిక దగ్గర పట్టు వదిలి పిందెను రాల్చుకోవడం చెట్టు చేసే పని. దెబ్బ తగిలి కణం పగిలి, లోపలి సరుకంతా బయటికి కారి, చుట్టూ వాపు రావడం మొదటి రకం. కణం తనలోని సరంజామాతోనే తనను ముక్కలుగా విప్పుకుని, చుట్టుపక్కల కణాలకు మేతగా మారి, మచ్చ కూడా మిగల్చకుండా పోవడం రెండో రకం.

పుటికలో జరిగేది రెండో రకమేనని 1991లో రసాయన సాక్ష్యం దొరికింది. క్షీణిస్తున్న పుటికల్లోని గ్రాన్యులోసా కణాల డీఎన్‌ఏను, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద పరుగెత్తిస్తే, అడ్డదిడ్డమైన మరకలా కాకుండా నిచ్చెన మెట్లలా సమాన దూరాల్లో గీతలు వచ్చాయి. డీఎన్‌ఏ ఎక్కడ పడితే అక్కడ తెగలేదనీ, దాదాపు 180 జతల క్షారాలకు ఒకచోట లెక్కగా తెగిందనీ దాని అర్థం. ఆరోగ్యంగా ఉన్న పుటికల్లో ఆ నిచ్చెన లేదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఈ చావును ఎవరు అదుపు చేస్తున్నారన్న ప్రశ్నకు వస్తాను. ప్రతి కణంలోనూ చావును ఆపే బీసీఎల్-2 వంటి ప్రోటీన్లు కొన్ని, చావును తెచ్చే బాక్స్ వంటి ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. బాక్స్ వర్గానిది పైచేయి అయితే మైటోకాండ్రియా పొరకు చిల్లులు పడి, సైటోక్రోమ్-సి అనే ప్రోటీను బయటికి వచ్చి, కాస్పేజ్ అనే ఎంజైములను ఒకదాని తరువాత ఒకటిగా నిద్రలేపుతుంది. ఆపైన కణాన్ని ముక్కలు చేసే పనంతా కాస్పేజ్‌లదే. దీన్ని చదివినవాళ్లు సాధారణంగా, కణానికి ఏదో చెడు కబురు అందితే చస్తుందని, లేకపోతే హాయిగా బతికే ఉంటుందని అనుకుంటారు. పెరుగుతున్న పుటిక విషయంలో ఇది తలకిందులు. పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను ఆ కణాలకు ఎడతెగకుండా అందుతూ ఉండాలి. అది అందినంతసేపే బాక్స్ అదుపులో ఉంటుంది. అందడం తగ్గిందా, చంపమని ఎవరూ చెప్పనవసరం లేదు. కణాలు బతకడానికి ఇరుగుపొరుగు కణాల నుంచి అనుమతి అందుతూ ఉండాలనీ, ఆ కబురు రాకపోతే చావే సహజ ఫలితమనీ జీవశాస్త్రవేత్త మార్టిన్ రాఫ్ 1992లో ప్రతిపాదించాడు. ఆ మాటకు అండాశయం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ప్రతి నెలా ఒక బృందంగా కొన్ని చిన్న పుటికలు ఎదుగుదల చివరి దశకు వస్తాయి. ముట్టు మొదట్లో ఎఫ్.ఎస్.హెచ్. కాస్త పెరుగుతుంది, వాటన్నిటికీ అందుతుంది. అవి పెరిగేకొద్దీ ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతాయి, వాటిని గమనించి పిట్యూటరీ ఎఫ్.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. ఆ తగ్గిన సరఫరాతో నెట్టుకురాగల స్థితికి అప్పటికి చేరుకున్నది ఒకటే ఉంటుంది. ఎల్.హెచ్. అనే రెండో హార్మోనును కూడా పట్టుకోగల గ్రాహకాలు దానికి ఏర్పడి ఉంటాయి. తక్కినవి మాడిపోతాయి. మంచివి కావని కాదు, వాటి వంతు వచ్చేసరికి బిందె ఖాళీ అయింది, అంతే.

ఈ ఒక్క సంగతి సరిగ్గా తెలిసి ఉంటే మా ఇంట్లో ఒక సాయంత్రం అంత ఏడుపు ఉండేది కాదు. మా అక్క కూతురికి పెళ్లయిన ఆరేళ్లకు ఐవీఎఫ్ చేయించుకోవలసి వచ్చింది. పది రోజులు ఎఫ్.ఎస్.హెచ్. సూదులు వేసి పదకొండు అండాలు తీశారని తెలియగానే మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఏమే, నువ్వు చదువుకున్నదానివి కదా, ఒకేసారి పదకొండు లాగేస్తే రేపటికి దాని కడుపులో ఏం మిగులుతాయే? ముప్పై ఐదుకే ముట్లుడిగిపోవూ?" అంది. అమ్మాయి పక్కగదిలోనే ఉంది, ఆ మాట వినబడింది.

పెద్దమ్మకు నూజివీడు వైపు మామిడితోట ఉంది. "పెద్దమ్మా, పిందె రాలకుండా తోటకు ప్లానోఫిక్స్ కొట్టిస్తావు కదా. ఆ సూదులూ అలాంటివే. ఈ నెల ఎలాగూ రాలిపోయేవాటినే నిలబెట్టి కోసుకున్నారు" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "చెట్టుకు మళ్లీ ఏడు మళ్లీ పూత వస్తుందే. దీనికి రాదుగా" అంది. నాకు వెంటనే సమాధానం తట్టలేదు. ఆమె పట్టుకున్న తేడా నిజమైనదే. చెట్టు ప్రతి ఏటా కొత్తగా పూస్తుంది. ఆడపిల్ల అండాశయం మాత్రం తన పూతనంతా తల్లి కడుపులోనే పూసి వస్తుంది. 2004లో జొనాథన్ టిల్లీ బృందం ఎలుకల అండాశయాల్లో కొత్త అండాలను పుట్టించే మూలకణాలు ఉన్నాయని ప్రకటించి పెద్ద దుమారం లేపింది కానీ, ఆ తరువాతి ఇన్నేళ్ల వాదోపవాదాల్లో పెద్దమ్మ మాటే ఎక్కువమంది శాస్త్రవేత్తల మాటగా నిలిచింది.

అందుకని ఆమెకు ఇంకో విధంగా చెప్పవలసి వచ్చింది. అండాశయంలో నిద్రపోతున్న పుటికలు వేరు, లేచి నడక మొదలుపెట్టినవి వేరు. నిద్రపోతున్నవాటికి ఎఫ్.ఎస్.హెచ్.తో పని లేదు, ఎన్ని సూదులు వేసినా వాటికి ఆ మాట వినబడదు. రోజూ కొన్ని తమంతట తాము నిద్ర లేస్తాయి, లేచినది మళ్లీ పడుకోవడమంటూ ఉండదు, నెలల తరబడి నడిచి ఒకటి పండుతుంది లేదా దారిలో రాలుతుంది. సూది ఆపగలిగేది ఆ చివరి పది పదిహేను రోజుల రాలుడును మాత్రమే. కాబట్టి పదకొండు తీసినా పది రాలిపోయినా నిద్రపోతున్నవాటి లెక్క ఒకటే. ఆ సూదులకు వేరే ప్రమాదాలు లేకపోలేదు, అండాశయాలు అతిగా ఉబ్బి పొట్టలో నీరు చేరడం వాటిలో ముఖ్యమైనది, డాక్టర్లు దానికోసమే స్కాన్ల మీద స్కాన్లు తీస్తారు. ముట్లు త్వరగా ఉడగడం మాత్రం ఆ జాబితాలో లేదు.

గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే అండాలు మిగులుతాయన్న నమ్మకం కూడా ఇదే డబ్బా లెక్క నుంచి పుట్టినది. మాత్ర ఆపేది నెలకు ఒక విడుదలను. వెయ్యి రాలడాన్ని అది ఆపదు. కాన్పులు ఎక్కువైనవాళ్లకు గుడ్లు పొదుపవుతాయనడం కూడా అంతే.

దీనికి వ్యాపార రూపం రక్తంలో ఏ.ఎం.హెచ్. అనే హార్మోనును కొలిచే పరీక్ష. పెళ్లి కూడా కాని ఇరవై ఐదేళ్ల అమ్మాయిలు ల్యాబ్ ప్యాకేజీలో భాగంగా ఈ పరీక్ష చేయించుకుని, అంకె తక్కువ వచ్చిందని నా దగ్గరకు కాగితం పట్టుకుని వస్తుంటారు. ఎదుగుదల మొదలుపెట్టిన చిన్న పుటికల గ్రాన్యులోసా కణాలు ఈ హార్మోనును తయారుచేస్తాయి కనుక, నడుస్తున్నవి ఎన్నో అది కొంతవరకు చెబుతుంది. ఐవీఎఫ్ సూదులకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి అది పనికొచ్చే పరీక్షే. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నదానికి మాత్రం అది జోస్యం చెప్పదు. 2017లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సంతానలేమి చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలు 750 మందిని గమనిస్తే, ఏ.ఎం.హెచ్. తక్కువ ఉన్నవాళ్లకు గర్భం నిలిచే అవకాశం తక్కువేమీ కాలేదు. నెలకు కావలసింది ఒక్కటే కనుక, ఇరవై రాలినా ఐదు రాలినా ఆ ఒక్కటి రావడమే ముఖ్యం. ఈ ముక్క రిపోర్టు కింద ఎవరూ అచ్చువేయరు. "స్టాక్ అయిపోతోంది, ఇప్పుడే అండాలు ఫ్రీజ్ చేయించుకో" అన్న మాట మాత్రం అమ్మాయికి ఫోనులో వినబడుతుంది. కేన్సర్ చికిత్సకు ముందు అండాలు భద్రపరచుకోవడం వేరు, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఒక అంకె చూపించి భయపెట్టి అమ్మడం వేరు.

ఇంత రాశాక నా వాదనకు ఎదురుగా నిలిచే ప్రశ్నను తప్పించుకోవడం న్యాయం కాదు. ఇంతటి రాలుడు ఎందుకు? నేను చాలాకాలం పిల్లలకు చెప్పిన జవాబు, లోపమున్న అండాలను ఏరివేయడానికి అని. వినడానికి ఇది ఎంత బాగుంటుందంటే, దాన్ని పరీక్షించాలన్న ఆలోచన కూడా రాదు. కొంత నిజం ఉంది. అండంలోని డీఎన్‌ఏ తెగితే పట్టుకునే కాపలాదారు ఒకటి ఉంది, దాని పేరు టీఏపీ63. నిద్రపోతున్న ప్రతి అండంలోనూ ఆ ప్రోటీను ముందే తయారై, జంటలుగా ముడుచుకుని, పనిచేయకుండా కూర్చుని ఉంటుంది. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే సీహెచ్‌కే2 అనే ఎంజైము దాన్ని తడుతుంది, అది విచ్చుకుని నలుగురి జట్టుగా మారి, ప్యూమా, నోక్సా అనే చావు ప్రోటీన్లను పిలుస్తుంది. ఆడ ఎలుకపిల్లకు 0.5 గ్రే రేడియేషన్, అంటే దాని శరీరంలోని ఇతర కణాలు చాలావరకు తట్టుకునే మోతాదు, తగిలితే చాలు, నిద్రపోతున్న అండాలు దాదాపు అన్నీ పోతాయి.

అయితే ఆ కాపలాదారు మరీ కఠినుడని తరువాత తేలింది. 2012లో ప్యూమా లేని ఎలుకలను, 2014లో సీహెచ్‌కే2 లేని ఎలుకలను రేడియేషన్‌కు గురిచేసి చూశారు. చావవలసిన అండాలు చావలేదు, డీఎన్‌ఏను బాగుచేసుకున్నాయి, వాటి నుంచి ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పుట్టాయి. అంటే ఏరివేతలో బాగుపడగలిగినవి కూడా పోతున్నాయి. జీవశాస్త్రవేత్త అలన్ స్ప్రాడ్లింగ్ ప్రయోగశాల 2016లో చూపించినది ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఎలుక పిండంలో బీజకణాలు తోబుట్టువుల గుంపులుగా, ఒకదానికొకటి సన్నని వంతెనలతో అతుక్కుని పెరుగుతాయి. వాటిలో చాలావరకు తమ మైటోకాండ్రియాను, సెంట్రోసోమ్‌లను ఆ వంతెనల గుండా ఒకటి రెండు కణాలకు దాటించి, తాము చచ్చిపోతాయి. పుచ్చుకున్నది అండమవుతుంది. ఇక్కడ చచ్చినవి లోపమున్నవి కావు, వాటి పని పెట్టడం. ఈగ అండాశయంలో ఒక అండానికి పదిహేను దాదికణాలు ఇదే పని చేసి పోతాయని మనకు ఎప్పటి నుంచో తెలుసు. పాలిచ్చే జంతువుల్లో కూడా ఆ ఏర్పాటు ఉందని తెలిశాక, క్లాసులో ఏరివేత కథ చెప్పడం నేను మానేశాను.

మరి చావును పూర్తిగా ఆపేస్తే? 1999లో టిల్లీ బృందమే బాక్స్ జన్యువు లేని ఎలుకలతో చూసింది. మామూలు ఎలుకల కన్నా వాటిలో నిద్రపోతున్న పుటికలు మూడు రెట్లు ఉన్నాయి. ఎలుకకు ముసలితనమైన 20, 22 నెలల వయసులో కూడా వందల పుటికలు మిగిలాయి, గర్భాశయం కుంచించుకుపోలేదు. కానీ మగ ఎలుకలతో ఉంచితే వాటికి గర్భం నిలవలేదు. బయటి నుంచి హార్మోన్లు ఇస్తేనే అండాలు విడుదలయ్యాయి. అండాలు మిగలడం ఒకటి, సంతానం కలగడం ఒకటి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు. డబ్బా లెక్కను నమ్మేవాళ్లు టిల్లీ బృందం రాసిన ఆ పరిశోధనాపత్రం మొదటి సగమే ఉటంకిస్తారు.

కేన్సర్ వచ్చిన యువతుల విషయంలో మాత్రం చావును ఆపాలనే ప్రయత్నం నాకు పూర్తిగా న్యాయంగా కనిపిస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమో మందులు ఆ కఠినమైన కాపలాదారునే రెచ్చగొడతాయి. 2015లో ఫలితాలు వచ్చిన పోయెమ్స్ అనే వైద్య పరీక్షలో, హార్మోను గ్రాహకాలు లేని రొమ్ము కేన్సర్‌కు కీమోతో పాటు అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే గోసెరెలిన్ సూది కూడా ఇచ్చిన స్త్రీలలో రెండేళ్ల తరువాత అండాశయాలు ఆగిపోయినవాళ్లు 8 శాతం, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో 22 శాతం. కీమో మొదలుపెట్టే ముందు ఈ మాట అడగవచ్చునని మన పల్లెల నుంచి వచ్చే ఎంతమందికి తెలుసు?

అండం విడుదలయ్యాక మిగిలే గూడు కార్పస్ లూటియంగా మారుతుంది. దానికీ రాసిపెట్టిన చావు ఉంది. ఈ విషయం పాడి రైతులకు పేరు తెలియకపోయినా పనిలో తెలుసు. గేదె ఎదకు రాకపోతే పశువుల డాక్టరు చెయ్యి పెట్టి చూసి, అండాశయం మీద ఆ ముద్ద తగిలితే ప్రోస్టాగ్లాండిన్ సూది వేస్తాడు. ముద్ద కరిగిపోతుంది, మూడు నాలుగు రోజుల్లో గేదె ఎదకు వస్తుంది. గేదె చూడితో లేనప్పుడు దాని గర్భసంచి తనంతట తాను పంపే చావు కబురు కూడా ఆ ప్రోస్టాగ్లాండినే. ఆడమనిషిలో గర్భసంచికి ఆ పెత్తనం లేదు. కార్పస్ లూటియం రెండు వారాల గడువుతో తనంతట తానే పోతుంది. దాన్ని ఆపగలిగేది పిండం నుంచి వచ్చే హెచ్.సి.జి. అనే హార్మోను ఒక్కటే. గర్భనిర్ధారణ కిట్ మీద రెండో గీత తేల్చేది ఆ హెచ్.సి.జి.నే. ఇంట్లో అందరూ సంబరపడే ఆ గీత, లోపల ఒక చావు ఆగిందని చెబుతున్న గీత.

గర్భసంచి మాట వచ్చింది కనుక ఒకటి అనకుండా ఉండలేను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారో లేదో చాలామందికి తెలియదు, ఆపరేషన్ కాగితం వాళ్ల దగ్గర ఉండదు. అండాశయాలను ఉంచితే అక్కడి రాలుడు, ఎదుగుదల, ఈస్ట్రోజెన్ తయారీ అన్నీ సాగుతూనే ఉంటాయి, సగటున కాస్త ముందుగా ఆగిపోతాయి, అంతే. తీసేస్తే ఆ రోజుతో ఆగిపోతాయి, ఎముకలూ గుండె ఆ లోటును మోయాలి. ముప్పై ఐదేళ్ల మనిషికి ఈ రెండూ ఒకటి కాదు. మా ఊళ్లో మాత్రం రెండింటినీ "సంచి తీయించుకుంది" అనే ఒకే మాటతో తేల్చేస్తారు.

ఈ ఏడు ప్రాక్టికల్స్‌లో ఆ ఆవగింజల స్లైడునే మొదటి మైక్రోస్కోపు కింద పెట్టాను, గ్రాఫియన్ పుటికను రెండో దాని కింద పెట్టాను. రికార్డులో పేరు ఏం రాయాలని పిల్లలు అడిగారు. అట్రీషియా అని బోర్డు మీద రాసి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు తమకు తోచిన మాట పక్కన రాసుకోవచ్చన్నాను. కొందరు క్షీణ పుటిక అన్నారు. చివరి బల్ల అమ్మాయి ఊడిపడిన కణాలను కూడా ఒక్కొక్కటిగా చుక్కలు పెట్టి గీసి, కింద "రాలు పిందె" అని రాసింది. పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ దాని పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. మార్కులు మాత్రం తగ్గించలేదు.